ఇరవై పౌన్లు

టిసా నది కట్ట దిగాక మూడో వీధిలో
లోరింట్స్ ముసలాయన షెడ్డు.
లోపల జిగురు వాసన, గొంతుకు అడ్డంపడే ఫైబర్ పొడి.
ఎండుమిరప దండల పక్కనే
సగం చెక్కిన విళ్లు వేలాడుతున్నాయి.

నా జేబులో నలభై ఐదు వేల ఫోరింట్లు.
పెరట్లో అక్రోటు చెట్టు ఈ యేడు విరగకాసింది,
దాని పుణ్యం.
బట్టల మిషన్ బాగుచేయించాల్సిన డబ్బే,
అయినా నలుగురం బయల్దేరి వచ్చాం.

నాకు కావలసింది గోడ మీద ఉంది.
నల్లతోలు చుట్టిన నలభై పౌన్ల విల్లు.
అడక్కుండానే తీసి లాగాను.
చెవిదాకా రావలసిన నారి
గడ్డం దగ్గరే నిలబడిపోయింది.
మోచెయ్యి గడగడ వణికింది.
ఎమోకె గోడవైపు తిరిగి దగ్గింది.
ఆ దగ్గు నాకు తెలుసు,
పెళ్లయిన నాటినుంచీ తెలుసు.

ముసలాయన డబ్బెంత తెచ్చారని అడగలేదు.
"మీలో ఎవరి చెయ్యి అన్నిటికన్నా బలహీనం?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.
ఎమోకె కుడి భుజం కోటు లోపలే ఉండిపోయింది,
పోయిన చలికాలం కోసి కుట్టిన భుజం.
పదేళ్ల కెందె మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి
తన పుల్లల్లాంటి చేతులు చూపించాడు,
జీవితంలో మొదటిసారి వాటి గురించి గర్వపడుతూ.
నేను నా బూట్లకేసి చూసుకున్నాను.

తర్వాత కళ్ల పరీక్ష.
రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి
దాంట్లోంచి దీపాన్ని చూడమన్నాడు.
ఒక కన్ను మూయమన్నాడు. మళ్లీ రెండోది.
చెంగె రాసేది కుడిచేత్తో, తినేది కుడిచేత్తో,
దాని గురి మాత్రం ఎడమకంట్లో ఉందిట.
"ఈ పిల్ల ఎడమచేత్తో లాగాలి."

అయితే రెండు విళ్లా!
గుండె జారి జేబులో పడింది,
ఆ నోట్ల మధ్య.

ఆయన నవ్వాడు, పళ్లు మూడో నాలుగో.
మూలనుంచి ఒకటి తీశాడు.
పిడి దగ్గర కుట్టు వంకర, కొమ్మున ఒక గీత,
అందుకే ముప్పై ఆరు వేలు.
"దీనికి కుడీ ఎడమా లేదు.
బాణం ఆనేది పట్టుకున్న పిడికిలి మీదే.
నువ్వు పూర్తిగా లాగితే ఇరవై పౌన్లు,
పిల్లాడు తన చెయ్యి సాగినంత లాగితే పద్నాలుగు.
ఎవరెంత లాగితే అంతే అడుగుతుంది."

అప్పులవాళ్లలో కూడా ఇలాంటివాడుంటే బాగుండుననుకున్నాను.

ఆరు చెక్క బాణాలు, ఆరు వేలు.
మిగిలిన మూడు వేలకు బస్సుల దగ్గర
వెల్లుల్లి పూసిన లాంగోష్‌లు రెండు,
నలుగురం చింపుకు తిన్నాం.
విల్లుకు నూనె మరకలంటాయని
చెంగె దాన్ని చంకలో ఇరికించుకుని తింది.

ఇంటికొచ్చి ఎమోకె పాత బూటు పైభాగం కత్తిరించి
ముంజేతికి తొడుగు కుట్టింది.
దాణా గోనెలో చిరిగిన దుప్పట్లు కుక్కాం,
నా పెళ్లినాటి స్వెట్టర్ కూడా, నన్నడక్కుండా.
వెనక వరదకట్ట ఉంది,
తప్పిన బాణం పోతే మట్టిలోకే.

కెందె బాణం దారిలోనే కూర్చుంది.
చెంగెది గోనె చెవి పట్టుకుంది.
నాది గోనె మీదుగా, కట్ట మీదుగా,
గడ్డిలోకి, వెయ్యి ఫోరింట్లు
ఈల వేసుకుంటూ పోయాయి.

మోకాళ్ల మీద వెతుక్కుంటూ చూశాను.
ఎమోకె కోటు విప్పి పక్కన పెట్టింది.
భుజంకంటే పైకి ఎత్తొద్దన్నాడు డాక్టరు.
విల్లు భుజందాకానే అడిగింది.
సగం లాగింది. ఆగింది. పళ్లు బిగించి ఇంకో వేలెడు.
బాణం గోనె అడుగున, ఒక్క దారానికి వేలాడింది.

పిల్లలు చప్పట్లు కొట్టబోతే వద్దంది.
వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది,
"ఇంకోటి."

నా బాణం ఇంకా దొరకలేదు.